సాగర్ చావు కబురు

మా ముత్తాత రంగనాయకులుగారు కొలకలూరులో పొలం గట్టు మీదికి వస్తే కోతలవాళ్ళు కొడవళ్ళు కింద పెట్టి నిలబడేవారట. మా తాత లక్ష్మీనరసింహంగారు తెనాలికి మారి ప్రెస్సు పెట్టారు. వ్యాపారం కోసం కాదు. ఆయన రాసిన శతకాన్ని ఎవరో తప్పులతో అచ్చు వేశారు, ఆ కోపంతో పెట్టారు. మా అచ్చులో తప్పు చూపించినవాళ్ళకు పంచెల చాపు పెడతానని గుమ్మం పక్కన బోర్డు రాయించారు. ఆయన బతికినంత కాలం పెట్టవలసి వచ్చిన చాపులు చాలా తక్కువ. మా నాన్న గోపాలంగారు సభలకు అధ్యక్షత వహించి, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టి, సగం పొలం కరిగించి పోయారు. ఆయన శవం వెనక తెనాలి బజారంతా నడిచింది.

ఆ తర్వాత నేను.

నా పేరు ఇక్కడ రాయను. ఇంటిపేరు అసలే రాయను. పాతవాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు. వాళ్ళ ముగ్గురి పేర్లూ ముందు పెట్టడానికి మాత్రం కారణం ఉంది. నేను చేసిన పని వాళ్ళ పేరు నిలబెట్టడానికే చేశానని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటూ మోస్తున్నాను. మోయగా మోయగా బరువు తేలికవుతుందంటారు. కాలేదు. మొద్దుబారింది. నెత్తి మీద మూట ఉందన్న సంగతి మెడకు తెలియడం మానేసింది, అంతే.

చేసిన పని ఇది. బతికున్న మనిషిని చచ్చిపోయాడని అచ్చు వేశాను. ఆ మనిషి నా ఎదురుగా వచ్చి నిలబడితే, ఇతను వేరు, చచ్చినవాడు వేరు అన్నాను.

ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను. ఓపిక ఉంటే వినండి.

అరవైల మధ్యలో మా ప్రెస్సుకు పని తగ్గింది. తాతగారి రోజుల్లో నాటకాల పుస్తకాలు వేసేవాళ్ళం. నాటక సమాజాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. మిగిలినవి శుభలేఖలు, దినం కార్డులు, సినిమా కరపత్రాలు. కరపత్రాలు మా ప్రెస్సులో వెయ్యనన్నాను. అలాంటి రోజుల్లో బాపట్ల నుంచి వీరాస్వామి వచ్చాడు. అతను నాటకాల తెరలకు బొమ్మలు వేసేవాడు. దర్బారు తెర, అడవి తెర, సముద్రం తెర. సమాజాలు పోయాక తెరలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. కొన్ని బొమ్మలు అట్టల మధ్య పెట్టి తెచ్చి, నా బల్ల మీద పరిచాడు.

ఒక మనిషి. మొహానికి నీలం ముసుగు. ఛాతీ మీద అల గుర్తు. నీళ్ళ మీద పరుగెత్తుతున్నాడు. పేరు తరంగుడు. ఉప్పెన వస్తే రెండు చేతులతో ఆపుతాడు. దొంగసరుకు దించే పడవలను ఎత్తి ఒడ్డున పడేస్తాడు. పగలు మాత్రం నిజాంపట్నం రేవులో లెక్కలు రాసే గుమాస్తా. ఎవరికీ తెలియదు.

నాకు అది నచ్చలేదు. శతకాలు అచ్చయిన మిషను మీద ముసుగు మనిషా అనిపించింది. అయినా వేశాను. నెలకొక సంచిక, అంతా బొమ్మలే, అట్ట మీద మాత్రం రంగులు.

ఒక్క షరతు పెట్టాను. బొమ్మల కింద వీరాస్వామి అని ఉండకూడదు. అతని పేరు బయటపడితే వేరే ప్రెస్సులవాళ్ళు ఎగరేసుకుపోతారని నా భయం. సాగర్ అని నేనే పేరు పెట్టాను. సంతకం కింద అల లాంటి గీత లాగమని కూడా నేనే చెప్పాను. పేరేదైతే ఏంటండీ, బొమ్మ నాదే కదా అని నవ్వాడు వీరాస్వామి. సాగర్ ఎవరో నాకూ, అచ్చు అక్షరాలు పేర్చే మా కంపోజిటరుకూ తప్ప లోకానికి తెలియదు.

తరంగుడికి వచ్చిన పేరు నేను ఊహించింది కాదు. సంచిక వెలువడే రోజు రేపల్లె పాసింజరులో కట్టలు వెళ్ళేవి. కట్ట కింద పెట్టకముందే తాడు కోసేవారని అక్కడి ఏజెంటు మొరపెట్టుకునేవాడు. అద్దె పుస్తకాల కొట్లలో ఒక్కో కాపీ అట్ట ఊడి, దారం తెగి, మళ్ళీ కుట్టించుకుని తిరిగేది. నిజాంపట్నం వైపు సముద్రం మీద బతికేవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే ఒకరు చదివేవారట, మిగతావాళ్ళు వినేవారట. వాళ్ళకు ఒక్కటే అభ్యంతరం. రేవులో లెక్కలు రాసేవాడు మంచివాడంటే నమ్మలేకపోతున్నామని, తరంగుడికి ఇంకేదైనా ఉద్యోగం చూడమని ఉత్తరం రాయించారు. వీరాస్వామి ఆ ఉత్తరం చదివి ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

అతను సాధువేమీ కాదు. ఇది కూడా చెప్పాలి. ఎప్పుడూ ఆలస్యమే. అచ్చుకు కావలసిన లోహపు బ్లాకులు చేయించడానికి బొమ్మలు బెజవాడ పంపవలసిన రోజున చివరి నిమిషం దాకా కనిపించేవాడు కాదు. వచ్చి ముందు టిఫిన్ అడిగేవాడు. గొప్పలు చెప్పేవాడు. నేను లేనప్పుడు నా కుర్చీలో కూర్చునేవాడు. అది మా తాతగారి కుర్చీ. లెమ్మని నేను ఏనాడూ అనలేదు. అతను వెళ్ళాక తుడిపించేవాణ్ణి.

ఈ సంగతి ఎందుకు రాశాను? కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. నేను తర్వాత చేసినదాంట్లో ఆ కుర్చీ కూడా ఉందేమో. ఉందనే అనుకుంటున్నాను.

తరంగుడు బాగానే అమ్ముడుపోయాడు. మునిగింది ప్రెస్సు. కాగితం దొరకడం కష్టమైంది. నాన్నగారు చేసిన భోజనాల తాలూకు బాకీలు ఆయన పోయాక నా గుమ్మంలోకి వచ్చాయి. పొలం దస్తావేజులు అప్పటికే వేరేవాళ్ళ ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఎవరికీ తెలియకుండా ఉంచాను. తరంగుడి మీద వచ్చిన డబ్బు వచ్చినట్టే వడ్డీలకు పోయేది, కాగితానికి మిగిలేది కాదు. తరంగుణ్ణి ఆపక తప్పదని తేలింది.

ఆపడం పెద్ద పని కాదు. ఎందుకు ఆపారంటే ఏం చెప్పాలి?

మా బజారులో పని రోజున తలుపు మూసి ఉంటే రెండే అర్థాలు. ఆ ఇంట్లో చావన్నా జరిగి ఉండాలి, ఐ.పి. అన్నా పెట్టి ఉండాలి. ఐ.పి. అంటే తెలుసు కదా, అప్పులు తీర్చలేనని కోర్టులో ఒప్పుకోవడం. చావయితే బజారంతా వచ్చి పలకరిస్తుంది. ఐ.పి. అయితే ఎదురుపడిన మనిషి తన చెప్పులు చూసుకుంటూ పక్క సందులోకి తిరుగుతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రెండూ చూశాను. మా ఇంటి ముందు ఎవరూ చెప్పులు చూసుకోకూడదు.

నేను చావును ఎంచుకున్నాను. ఎవరి చావు? మా ఇంట్లోవాళ్ళ పేరు ఎత్తలేను కదా. సాగర్ ఉన్నాడు. సాగర్ అనే పేరు నాది. నేను పెట్టాను, నేనే తీసేస్తున్నాను, ఇందులో ఎవరికి నష్టం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? పేరు వెనక మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఒకడున్నాడని, రేపు ఆ పేరు తప్ప అతనికి ఇంకో ఆస్తి ఉండదని నాకు ఆ క్షణంలో తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టినదాన్ని పక్కకు జరిపి ఉంటాను. అలా జరపడం మా ఇంట్లో అందరికీ వచ్చు.

చివరి సంచిక మొదటి పేజీలో, దినం కార్డులకు వాడే నల్ల అంచు పెట్టి నాలుగు వాక్యాలు వేశాను. మా చిత్రకారుడు సాగర్ ఆకస్మికంగా స్వర్గస్థులయ్యారని. ఆయన చెయ్యి తప్ప మరొక చెయ్యి తరంగుణ్ణి గీయడం మా సంస్థకు సమ్మతం కాదని. అందువల్ల ఈ సంచికతో ఆపుతున్నామని. వారి ఆత్మకు శాంతి కలగాలని. కంపోజిటరు నా చేతిరాత చూశాడు. నా మొహం చూశాడు. అక్షరాలు ఏరుకున్నాడు. ఆ సంచికలో ఒక్క అచ్చు తప్పు లేదు.

వీరాస్వామికి మాత్రం రెండు నెలలు విరామం అని కబురు పంపాను. అతను చీరాలలో సినిమా బోర్డులు రాసే పనికి వెళ్ళాడు.

నేను ఆలోచించని సంగతి ఒకటి జరిగింది. మన ఇళ్ళలో చావు కబురు కార్డు వస్తే చదివి, గుమ్మం బయటే చింపేస్తారు. ఇంట్లో ఉంచరు. నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికి వస్తారు. నల్ల అంచు చూసి జనం తరంగుడి సంచికకు కూడా అదే చేశారు. అద్దె కొట్లవాళ్ళు మెట్ల మీదే చింపారు. తల్లులు పిల్లల చేతుల్లోంచి లాక్కుని చింపారు. తరంగుడి పుస్తకాలన్నీ వరసగా దాచుకున్నవాళ్ళు కూడా చివరిది చింపి, తల తడుపుకున్నారు. ఎక్కడా ఒక్క కాపీ మిగల్లేదు. మా ప్రెస్సులో మిగిలినవి నేనే చింపాను. అందుకని నేను ఏం అచ్చు వేశానో ఈనాడు రుజువు చూపించమంటే, నా దగ్గర కూడా లేదు. నేను చెబితేనే ఉంది.

ఆ సంచిక చివరి బొమ్మలో సముద్రం కట్ట తెగిన చోట తరంగుడు వీపు ఆనించి నిలబడి ఉంటాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. కింద 'ఇంకా ఉంది' అని ఉంటుంది. ముందే చింపేసినవాళ్ళకు అదీ తెలియదు. చదివినవాళ్ళకు నిద్ర లేదు. ఉత్తరాలు బస్తాలతో వచ్చాయి. సగం ఉత్తరాల్లో సాగర్ గారు ఎలా పోయారని, సగంలో తరంగుడు బతికాడా అని. ఒకాయన రెండూ అడిగి, ముందు రెండోదానికి జవాబు రాయమన్నాడు. రేపల్లెలో ఇద్దరు గుండు చేయించుకున్నారని ఏజెంటు చెప్పాడు. పిట్టలవానిపాలెం నుంచి ఒక రైతు కొత్తబియ్యం సంచి భుజాన వేసుకుని వచ్చాడు. సాగర్ గారి ఇంటికి చేర్చండి బాబూ, మా పిల్లలు పంపమన్నారు అన్నాడు. ఆయన నిలబడే మాట్లాడాడు. నేను తీసుకున్నాను.

ఆ బియ్యం మేము తిన్నాం.

రేపల్లెలో అభిమాన సంఘం ఉండేది. దానికి పెద్ద కోటేశ్వరరావు అనే దర్జీ. ఊళ్ళో పిల్లలందరికీ నీలం ముసుగులు కుట్టింది అతనే. సంతాప సభ పెట్టి నన్ను అధ్యక్షుడిగా పిలిచాడు. సాగర్ ఫొటో ఎవరి దగ్గరా లేదు కనక తరంగుడి బొమ్మ తలవంచుకున్నట్టు గీసి దానికి దండ వేశారు. గీసినవాడికి చేతులు కుదరలేదు, పొట్టిగా వచ్చాయి. అయినా జనం దాన్ని చూసి ఏడ్చారు. నేను మాట్లాడాను. బాగానే మాట్లాడాను. కిందికి దిగాక చేపలమ్మే ఒకావిడ ఎదురొచ్చి, ఆయన పిల్లల్ని ఎవరు చూస్తున్నారు బాబూ అని అడిగింది. మేమే చూస్తున్నామమ్మా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు జోడించారు.

అప్పుడు నాకేమనిపించింది? సిగ్గు అనిపించిందని రాయాలని ఉంది. అనిపించలేదు. హాలు నిండిందా లేదా అని చూసుకున్నాను. మా నాన్నగారి శవం వెనక నడిచినంత మంది ఉన్నారా అని చూసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ఉదయం వీరాస్వామి వచ్చాడు. వెంట బెజవాడ ప్రచురణకర్త ఒకాయన ఉన్నాడు. అప్పటికి నా దగ్గర మా బజారు పెద్ద, జవుళి కొట్టు సుబ్బారావుగారు కూర్చుని ఉన్నారు. సాగర్ పోయిన విషయం పలకరించడానికే వచ్చారు. వీరాస్వామి గుమ్మంలోనే నవ్వాడు.

"బాబుగారూ, నన్ను ఎప్పుడు తగలేశారండీ? కబురన్నా పెట్టలేదేంటి?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"నా చావు కబురు నేనే చదువుకుందామంటే బాపట్లలో ఒక్క కాపీ లేదండి. అద్దె కొట్టాయన్ని అడిగితే, చింపేశాం, నువ్వు కూడా పోయి స్నానం చెయ్యి అన్నాడు."

సుబ్బారావుగారు అతని వంకా నా వంకా చూశారు. అతనెవరో ఆయనకు తెలియదు. ప్రచురణకర్త నవ్వలేదు. ఆయన పని మీద వచ్చాడు. తరంగుడు ఆగిన దగ్గర్నుంచి వారానికొకడు నేనే సాగర్‌నని, సాగర్ శిష్యుణ్ణని తన గుమ్మం ఎక్కుతున్నాడని చెప్పాడు. తరంగుణ్ణి అచ్చంగా దించే చెయ్యి ఊరికొకటి తయారైందట. ఈయన చెయ్యీ బాగానే ఉంది, కానీ సాగర్ పోయాడని అచ్చు వేసింది మీరే కదా, అందుకని మీ దగ్గరికే తీసుకొచ్చాను అన్నాడు. సంచిలోంచి కొన్ని పేజీలు తీసి బల్ల మీద పెట్టాడు. వీరాస్వామి గీసి ఆయనకు ఇచ్చినవి. తరువాయి భాగం. తరంగుడు కట్టలోంచి ఎలా బయటపడ్డాడో అందులో ఉంది.

"మీరు అవునంటే ఇవాళే పని మొదలుపెడతానండి. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. మీ ఇంటి మాట చాలు" అన్నాడు ప్రచురణకర్త.

నేను పేజీలు చూస్తూ కూర్చున్నాను. వీరాస్వామి గీసినవాటిలో అవే మంచివి. నాకు బొమ్మలు తెలియవంటారు గాని ఆ మాత్రం తెలుసు.

వీరాస్వామి బల్ల చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అచ్చు తప్పు పడిందని చెప్పండి బాబుగారూ, చాలు. ఎందుకేశారో నేను అడగను. చీరాలలో బోర్డులకి నిచ్చెన ఎక్కలేకపోతన్నానండి. మోకాళ్ళు పోయినై."

ఎంత తేలిక దారి చూపించాడో చూడండి. అచ్చు తప్పు. నేను ఆ రెండు మాటలూ అంటే సరిపోయేది. మా ప్రెస్సులో అచ్చు తప్పా అని సుబ్బారావుగారు ఒక నవ్వు నవ్వేవారు. ఆ సాయంత్రానికి బజారులో ఆ నవ్వు తిరిగేది. తర్వాత ఎవరో ఒకరు, మరి తరంగుణ్ణి నిజంగా ఎందుకు ఆపినట్టు అని అడిగేవారు. అది నేను భరించలేనని అప్పుడు అనుకున్నాను. నవ్వును భరించలేనివాణ్ణి ఇంత దాన్ని ఇన్నేళ్ళు ఎలా భరించాను?

"ఇతను మా దగ్గర బొమ్మల్లో నలుపు నింపేవాడండి. సాగర్ వేరే మనిషి. పోయాడు" అన్నాను.

అంతటితో ఆగి ఉంటే కొంత తక్కువయ్యేదేమో. ఇంకో మాట కూడా అన్నాను. ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. ప్రచురణకర్త వదలకుండా, మరి ఈ పేజీల సంగతేమిటండీ అని అడిగాడు. అడిగితే ఇలా అన్నాను.

"అవి సాగర్ పోకముందు వేసినవి. ఇతని చేతికి ఎలా వచ్చాయో మరి."

మేస్త్రీలను, పాలేర్లను అలా అనడం మా ఇంట్లో విన్నాను. నోటికి సులువుగా వచ్చేసింది.

ప్రచురణకర్త ఆ పేజీలను మెల్లగా నా వైపు జరిపాడు. నావి కనక. సుబ్బారావుగారు కాలం పాడైపోయిందన్నారు. వీరాస్వామి ఆ బల్ల మీదే కాగితం పెట్టి గీసి చూపించవచ్చు. నల్ల సిరా, కలం అక్కడే ఉన్నాయి. గియ్యలేదు. గీస్తే నేను అబద్ధమాడినట్టు తేలుతుందని మానేశాడా? దొంగ అనిపించుకున్నాక గియ్యబుద్ధి కాలేదా? అతనికి కూడా పట్టింపు ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు. పట్టింపు మా ఇంటి సొత్తనుకున్నాను. అతను చెప్పులేసుకున్నాడు.

"సాగర్ పెద్దకర్మకి నన్ను పిలవడం మర్చిపోయారు బాబుగారూ. నలుపు నింపినవాణ్ణి కదా, ఓ మూల విస్తరి వేసేవారు."

మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగాడు. మా మధ్య మాటలు అంతే. తర్వాత అతను బతికిన రోజుల్లో మేము మాట్లాడుకోలేదు.

మరుసటి ఏడు బెజవాడ నుంచి తరంగుడి తరువాయి భాగం వెలువడింది. సాగర్ స్మారక సంచిక అని, సాగర్ చివరి బొమ్మలు అని అట్ట మీద వేశారు. జనం ఎగబడ్డారు. కోటేశ్వరరావు నాకు ఉత్తరం రాశాడు. తరంగుడు బతికాడండి, ఇక మాకు మనశ్శాంతి అని. ఆ పేజీలు బెజవాడ ఎలా చేరాయో చెప్పాలి. చెబుతాను.

వీరాస్వామిని ఆ తర్వాత ఒక్కసారి చూశాను. బాపట్లలో కాఫీ హోటలు బయట ముక్కాలిపీట మీద కూర్చుని బోర్డు రాస్తున్నాడు. బొమ్మ లేదు, అక్షరాలే. నన్ను చూడలేదనుకుంటాను. నేను చెప్పులు చూసుకుంటూ పక్క సందులోకి తిరిగాను.

నాలుగేళ్ళ కిందట అతను పోయాడు. మా పాత కంపోజిటరు వచ్చి చెప్పాడు. చెప్పి, ఈసారి నిజమేనండి అన్నాడు. ఆయన నాతో ఆ విషయం ఎత్తింది ఆ ఒక్కసారే. నేను బాపట్ల వెళ్ళాను. వెళ్ళేసరికి శవాన్ని తీసుకెళ్ళిపోయారు. ఇంటి ముందు చుట్టాలు కొద్దిమంది, పక్కింటివాళ్ళు. అభిమానులు ఎవరూ లేరు. ఎలా ఉంటారు? వాళ్ళ ఏడుపు ఎప్పుడో అయిపోయింది. గుండు చేయించుకోవలసినవాళ్ళకు జుట్టు మళ్ళీ పెరిగింది కూడా.

అతని భార్య సీతమ్మ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. ఆమెకు అంతా తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? స్మారక సంచిక వచ్చినప్పుడు ఆయన స్టేషన్లో కొనుక్కొచ్చి, అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాడని చెప్పింది. చదివి, చింపి, నూతి దగ్గరికెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకున్నాడట. నవ్వుతూనే పోసుకున్నాడట. ఎందుకు చేశారని అడుగుతుందని నేను కూర్చున్నాను. అడిగితే చెప్పేవాణ్ణేమో. అడగలేదు. కాఫీ తెప్పించింది. తాగాను. సాయంత్రం పాసింజరుకు తెనాలి వచ్చేశాను.

రేపల్లెలో ఇప్పటికీ ఏటా సాగర్ పేరున సభ జరుగుతుంది. ఆనాటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతారు. కోటేశ్వరరావు నన్ను పిలవని ఏడు లేదు, నేను వెళ్ళని ఏడు లేదు. వీరాస్వామి పోయిన ఏడు కూడా వెళ్ళాను. దండ వేశాను. సాగర్ గారి గురించి నాలుగు మాటలు చెప్పమంటే చెప్పాను. ఈ ఏడు మళ్ళీ పిలిచారు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకే సరిగా తెలియదు. చొక్కా వేసుకున్నాను, గొడుగు తీసుకున్నాను, మళ్ళీ విప్పి కూర్చున్నాను. కూర్చుని ఇది మొదలుపెట్టాను.

సాగర్ అంటే బాపట్ల వీరాస్వామి. తరంగుడు అతని చేతిలో పుట్టాడు. మొదటి బొమ్మ నుంచి ఆఖరి బొమ్మ దాకా అతనివే, స్మారక సంచికలోవి కూడా. నేను చచ్చాడని అచ్చు వేసేటప్పటికి అతను బతికే ఉన్నాడు. అతను దొంగ కాదు.

ఈ వాక్యాలు రాయడం ఇంత చిన్న పనా? రాయగానే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మెడ కొంచెం నొప్పి పెడుతోంది. ఇన్నాళ్ళూ అది కూడా లేదు. మీరు నన్ను ఏమనుకున్నా నాకు అభ్యంతరం లేదు. క్షమించమని అడగడం లేదు. అడగవలసిన మనిషి లేడు, సీతమ్మను అడిగే మొహం లేదు. నా నోటితో నేను చెప్పాను. అంతవరకే.

ఆ పేజీల సంగతి మిగిలింది. బజారు ముందు నేను కాపాడిన ప్రెస్సు మరుసటి ఏటికే పోయింది. పెద్ద మిషను గుంటూరువాళ్ళు కొన్నారు. సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. తరంగుడి పేరూ, బ్లాకులూ, వీరాస్వామి దగ్గర లాక్కున్న ఆ పేజీలూ కలిపి బెజవాడ ప్రచురణకర్తకు అమ్మాను.